కౌమారమున అస్థిరచిత్తము: ఒక వ్యాధినామ చరిత్ర



మాది ఆత్రేయపురము. పూతరేకుల వలన ఈ యూరి పేరు దేశమంతట వ్యాపించినది. 2023వ సంవత్సరమున వానికి భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. కాని నాబోటి పాతచదువుల వానికి ఈ పేరు వినగానే జ్ఞప్తికి వచ్చువాడు వేరొకడు. అగ్నివేశాది శిష్యులకు వైద్యశాస్త్రము నుపదేశించిన పునర్వసు ఆత్రేయుడు. చరకసంహితకు మూలము ఆ మహానుభావుని ఉపదేశమే. మా యూరికి ఆయన వలననే పేరు వచ్చినదని నేను చెప్పబోను. పేరు కలిసినది గనుక నేటి ప్రసంగమున కాయనను సాక్షిగా పిలుచుకొనుచున్నాను.

పదునాలుగు, పదునైదు, పదునారు ఏండ్ల ప్రాయమున కొందరు పిల్లలకు మనస్సున దారుణమైన అస్థిరత కలుగును. నేటి వైద్యులు దానికి బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని పేరు పెట్టినారు. తెలుగున ‘పొలిమేర వ్యక్తిత్వ రుగ్మత’ యనవచ్చును. బాధ పాతదే, పేరు మాత్రము క్రొత్తది. ఆ బాధ ఏ యే కాలములందు ఏ యే పేర్లతో పిలువబడెనో, ఒక్కొక్క పేరు వెంట బిడ్డకు ఏమి సంప్రాప్తమయ్యెనో చెప్పుటయే నా యుద్దేశము. ఏలయన, ఇంటి పెద్ద నోటినుండి వెలువడు మొదటి మాటయే చాలసార్లు ఆ బిడ్డ గతిని నిర్ణయించును.

ముందుగా నా తప్పు చెప్పుకొనవలెను. నేను తెలుగు పండితుడనుగా ఉద్యోగమున చేరిన తొలి యేండ్లలో తొమ్మిదవ తరగతిలో ఒక బాలిక యుండెను. ఆమె పద్యము చదివిన తరగతి యంతయు నిశ్శబ్దమయ్యెడిది. ఒక వారము నేనామెకు దైవసమానుడను. మరుసటి వారము, వ్యాసమున రెండు తప్పులు దిద్దినందులకు, నావంటి క్రూరుడు లోకమున లేడు. ప్రాణస్నేహితురాలు ఒకనాడు వేరొక పిల్ల ప్రక్కన కూర్చుండినదని రెండు దినములు అన్నము ముట్టలేదు. తన పుస్తకమును తానే చింపి, గంట గడచిన పిదప ఆ ముక్కలను ఏరుకొనుచు ఏడ్చెడిది. ఎండకాలమున సైతము చేతులు మణికట్టు వరకు కప్పుకొనెడిది. ఆ చేతులపై తాను చేసికొన్న గాయములున్నవని తోడిపిల్లలు చెప్పిరి.

ఒకనాడు తండ్రి వచ్చి, “ఏం చెయ్యమంటారు మాస్టారండీ?” అని యడిగెను. నేను క్షణమైన ఆలోచింపలేదు. “పొగరండీ. గారాబం ఎక్కువైంది. నాలుగు తగిలించండి, అదే దారికొస్తుంది” అంటిని. ఆయన నా మాట వినెను. ముసలమ్మ గాలి సోకినదని మంత్రగానిని పిలిపించెను. బంధువులు పెండ్లి చేసిన కుదురునని చెప్పిరి. సంవత్సరము తిరుగకముందే పెండ్లి జరిగినది, చదువు ముగిసినది. ఆమెను వైద్యుడెవ్వడును చూడలేదు గనుక, ఆమెకు కలిగినది ఈ వ్యాధియే యని నేడు నేను నిర్ణయింపజాలను. కాని పొగరు, గాలి, పెండ్లి అను మూడు మాటలును ఆ చేతిపై గాయమును మాన్పలేకపోయినవని మాత్రము చెప్పగలను.

ఇక చరిత్రలోనికి వత్తము. ఆత్రేయుడు చరకసంహిత నిదానస్థానమునందును, చికిత్సాస్థానమునందును ఉన్మాదమునకు వేరు వేరు అధ్యాయములు చెప్పెను. వాతము, పిత్తము, కఫము, సన్నిపాతము వలన కలుగునవి నాలుగు, ఆగంతుక మొకటి, వెరసి ఐదు విధములు. మన మిప్పుడు చెప్పుకొనుచున్న వ్యాధి ఆ యైదింటిలో పేరు పెట్టి చెప్పబడలేదు. చెప్పబడినదని వాదించుట న్యాయము కాదు. అయినను రెండు మాటలు మనకు పనికి వచ్చును. మొదటిది, దేవతలు గాని, పిశాచములు గాని, రాక్షసులు గాని తనంత తాను క్లేశము పొందని మానవుని క్లేశపెట్టరని ఆయన స్పష్టముగా చెప్పెను. గాలి, దయ్యము అను మాటలకు ఆయన యిచ్చిన సమాధానము ఇది. రెండవది, ధృతి యను శక్తిని గూర్చి. హితము గాని దానివైపు పరుగిడు మనస్సును నిలిపి పట్టునది ధృతి. అది భ్రంశమైన మనస్సును ఆపుట శక్యము కాదు. గమనింపుడు: ఆయన ‘ఆపుకొనడు’ అనలేదు, ‘ఆపుకొనజాలడు’ అనెను. నా విద్యార్థిని విషయమున నేను చూడనిది సరిగా ఈ భేదమే.

పూర్వుల చికిత్స యంతయు మృదువైనదని మాత్రము నేను చెప్పను. ఓదార్పు మాటలు, సంతోషపెట్టుట ఒక ప్రక్కన చెప్పబడినవి. బెదరించుట, భయపెట్టుట మరియొక ప్రక్కన చెప్పబడినవి. తరువాతి కాలమున మన పల్లెలలో ఓదార్పు వెనుకబడి, బెదరింపే ముందునకు వచ్చినది. వేపమండలు, పొగ, దెబ్బలు దాని సంతానమే.

మరియొక సంగతి. కౌమార మను మాటకు పూర్వము అయిదేండ్ల లోపు ప్రాయమని యర్థము. పదేండ్ల వరకు పౌగండము, పదునైదు వరకు కైశోరము. నేడు మనము పదేండ్లు మొదలు పందొమ్మిది వరకు కౌమారమని వాడుచున్నాము. మాట యర్థము మారుటకు కారణము జీవితము మారుటయే. మన తాతల నాడు ఆడపిల్లకు బాల్యమునకును కాపురమునకును నడుమ ఏండ్లే లేవు. కందుకూరి వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఆ కాలమున బాలికలే వితంతువు లగుచుండిరనుట మనకు తెలిసినదే. 1929వ సంవత్సరపు శారదా చట్టము బాలికకు 14, బాలునికి 18 ఏండ్లు కనీస వివాహవయస్సుగా విధించినది. 1978లో అది 18, 21 అయినది. బడులు పెరిగినవి, పెండ్లి వెనుకకు జరిగినది. నడుమ ఒక క్రొత్త ప్రాయము వెలసినది. 1904లో అమెరికా దేశమున స్టాన్లీ హాల్ అను పండితుడు ఈ ప్రాయమును గూర్చి రెండు సంపుటముల గ్రంథము వ్రాసి, దానిని శాస్త్రవిషయముగా చేసెను.

అయినను ఆ కాలపు ప్రభుత్వపు దృష్టిలో మనుష్యులు రెండే తెగలు: పిచ్చివారు, పిచ్చి లేనివారు. 1912వ సంవత్సరపు ఇండియన్ లూనసీ చట్టము ఈ విభాగముపైననే నిలిచినది. మొదటి తెగవారికి మదరాసు కీల్పాకులో 1871లో వెలసిన ఆశ్రయము వంటివి కలవు. మన తెలుగువారికి విశాఖపట్టణమున నొకటి యుండెను. రెండవ తెగవారికి ఇల్లే గతి. పూటకొక మనస్సు గలిగి, ఉదయము చక్కగా పాఠము చదివి, సాయంకాలము చావు మాట లాడు పిల్ల ఈ రెంటిలో ఎందులకును చెందదు. కావున ఆ పిల్ల పొగరుబోతు అయినది, లేదా గాలి సోకినది అయినది.

1938వ సంవత్సరమున న్యూయార్కు నగరపు వైద్యుడు అడాల్ఫ్ స్టెర్న్ ఒక వ్యాసము ప్రకటించెను. తన యొద్దకు వచ్చు రోగులలో కొందరు న్యూరోసిస్ అను స్వల్ప మానసిక వ్యాధులలోనికి రారు. సైకోసిస్ అను పూర్ణోన్మాదములోనికిని రారు. ఆ రెంటి నడిమి గట్టుమీద నుందురు. వారికి ఆయన ‘బోర్డర్ లైన్’ వర్గమని పేరు పెట్టెను. అనగా పొలిమేర. పెద్దలకు పొలిమేర సంగతి నేను చెప్పనక్కరలేదు. మునసబుల కాలమున పొలిమేరపై జరిగిన తగవును ఈ యూరి మునసబు ఆ యూరివానిదనును, ఆ యూరివాడు ఈ యూరివానిదనును. బాధపడినవాడు గట్టుమీదనే పడియుండును. ఈ రోగుల గతియు ముప్పది నలువది యేండ్లు అట్లే జరిగినది. వైద్యులలో సైతము పలువురు వీరిని మొండివారని, మాట విననివారని విసిగికొనిరి.

1967లో ఓటో కెర్న్‌బెర్గ్ అను వైద్యుడు ఈ మనస్సుల నిర్మాణమును వివరించెను. వీరు ఒకే మనిషియందు మంచిని చెడ్డను కలిపి చూడజాలరనియు, నేడు దేవుడైనవాడు రేపు రాక్షసుడగుట అందువలననే యనియు ఆయన చెప్పెను. నేను దైవమునై, వారము తిరుగకముందే క్రూరుడనైన వైనము నాకు అప్పుడు తెలిసియుండిన బాగుండెడిది. 1975లో గండర్సన్, సింగర్ అను ఇరువురు లక్షణములను నిష్కర్షించిరి. 1980లో అమెరికా మానసిక వైద్యసంఘము తన వ్యాధిపట్టికయందు ఈ పేరును చేర్చినది. అప్పటికి పొలిమేర కొక హక్కుదారు దొరకినాడు.

నేటి పట్టికలో తొమ్మిది లక్షణములు కలవు. అందు ఐదైన నుండవలెను. తనవారు విడిచిపోదురేమో యను భరింపరాని భయము. మనుష్యులను ఆకాశమున కెత్తి మరుక్షణము నేలకు కొట్టుట. తానెవరో తనకే నిలుకడగా తెలియకుండుట. హాని కలుగునని తెలిసియు ఆపుకొనజాలని దుడుకు పనులు. తనను తాను గాయపరచుకొనుట, చావు మాటలు. గంటగంటకు మారు మనోభావములు. లోపల అంతయు శూన్యమను వేదన. అదుపు తప్పు కోపము. మనస్సు బాగుగా నొత్తిడికి లోనైనప్పుడు అనుమానములు గాని, తన నుండి తాను విడిపోయినట్లు తోచుట గాని కలుగుట. ఇవి తొమ్మిది.

ఇచట ఒక హెచ్చరిక. ఈ ప్రాయమున అలుగని పిల్ల, తిరుగబడని పిల్లవాడు అరుదు. అది వ్యాధి కాదు. పదునెనిమిదేండ్లు నిండక ఈ పేరు పెట్టరాదని చాలకాలము వైద్యులే పట్టుపట్టిరి. పిల్ల మనస్సు ఇంకను పోతపోయని లోహమనియు, పేరు ముద్రయై నిలుచుననియు వారి భయము. నేటి నియమము ప్రకారము లక్షణములు ఒక సంవత్సరమునకు తక్కువ గాకుండ నిలిచియున్నప్పుడు, చిన్నవారికి సైతము నిర్ణయింపవచ్చును. ఆస్ట్రేలియా దేశపు మెల్‌బోర్న్ నగరమున ఆండ్రూ చానెన్ మున్నగు వైద్యులు, పేరు కొరకు వేచియుండుటకంటె తొలి లక్షణములు కనబడినప్పుడే చేయి పట్టుకొనుట మేలని చిన్నవారికొరకే ప్రత్యేక చికిత్స నడిపిరి. నిర్ణయము వైద్యునిది, అరుగుమీద కూర్చున్న మనది కాదు.

కారణ మేమి? ఒక్కటి కాదు. కొందరు పుట్టుకతోనే చర్మము పలుచనివారివలె మనస్సు పలుచనివారు. ఇతరులకు గోటిగీత యైనది వారికి కత్తిగాటు. వంశపారంపర్యమున కందు భాగము కలదు. చిన్ననాట హింస, అనాదరము, లైంగిక దౌర్జన్యము అనుభవించినవారు వీరిలో పలువురు, అందరును కారు. కావున తల్లిదండ్రులను దోషులుగా నిలబెట్టుటయు తప్పే. పలుచని మనస్సునకు, ‘నీ బాధ బాధ కాదు, నటన’ యని ప్రతిదినము చెప్పు ఇల్లు తోడైనప్పుడు వ్యాధి ముదురును. ఈ సిద్ధాంతమును చెప్పినది మార్షా లినెహాన్ అను విదుషీమణి. ఆమె కథ మీరు తప్పక వినవలెను.

1961లో, పదునేడేండ్ల ప్రాయమున, ఆమెను అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరపు మానసిక వైద్యశాలలో చేర్చిరి. ఆమె తనను తాను గాయపరచుకొనెడిది. వేరొక వ్యాధి యని నిర్ణయించి, మందులిచ్చి, ఒంటరి గదిలో నుంచిరి. రెండేండ్లకు పైగా అచట గడపి 1963లో వెలుపలికి వచ్చెను. ఈ నరకమునుండి నేను బయటపడి, పరులను కూడ బయటికి తెత్తునని ఆమె సంకల్పించుకొనెను. చదివి మనస్తత్త్వశాస్త్రమున ఆచార్యురాలయ్యెను. సియాటిల్ నగరపు వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున తాను రూపొందించిన చికిత్సకు ఫలిత మున్నదని 1991లో పరీక్షా పూర్వకముగా ప్రకటించెను. దాని పేరు డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ. తానే ఒకనాటి రోగినని ఆమె లోకమునకు చెప్పినది 2011లో, ఆ హార్ట్‌ఫర్డ్ వైద్యశాలయందే నిలుచుండి.

ఆ చికిత్స సారము రెండు మాటలు. నీ బాధ నిజము. నీవు మారవలెను. మొదటిది లేక రెండవది చెప్పిన తిట్టగును. రెండవది లేక మొదటిది చెప్పిన గారాబమగును. రెండును కలిపి చెప్పుచు, బాధ పొంగినప్పుడు దాటుట, కోపమును గుర్తించుట, మనుష్యులతో మెలగుట, మనస్సును వర్తమానమున నిలుపుట అను నేర్పులను పాఠములవలె నేర్పుదురు. ఈ చివరి నేర్పును ఆమె జెన్ బౌద్ధమునుండి తీసికొనెను. జెన్ అను శబ్దము చైనాదేశపు చాన్ నుండియు, చాన్ మన ధ్యాన శబ్దమునుండియు పుట్టినవి. మన మాటయే ప్రపంచము చుట్టి, వైద్యమై మరల మన వాకిటికి వచ్చినది.

గోదావరి ఒడ్డువారికి దీనిని వేరుగా చెప్పనేల? 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తి కాకముందు ఈ నీరే వరదయై ఊళ్ళను ముంచెను. ఈ నీరే అందక పొలము లెండెను. కాటన్ దొర నీటిని మార్చలేదు. ఆనకట్టయు, కాలువలును, లాకులును కట్టించెను. మా ప్రక్కనున్న లొల్ల లాకులను చూచినవారికి తెలియును: నీటిని కొట్టి లొంగదీయరు, తలుపు లెత్తుచు దించుచు నడిపింతురు.

ఈ చికిత్సనే చిన్నవారికి తగినట్లు మార్చి, తల్లిదండ్రులను కూడ పాఠములకు కూర్చుండబెట్టుచున్నారు. నార్వే దేశపు ఓస్లో నగరమున మాటిమాటికి తమను గాయపరచుకొనుచున్న 77 మంది చిన్నవారిని రెండు వర్గములు చేసి, 19 వారములు చికిత్స చేసిరి. ఈ చికిత్స పొందిన వర్గమున గాయపరచుకొనుట మిగిలినవారి కంటె తగ్గినదని 2014లో ప్రకటించిరి. ఈ వ్యాధినే మాన్పు మందు మాత్ర ఇంతవరకు లేదు. తోడుగా వచ్చు దిగులు, నిద్రలేమి వంటివానికి వైద్యులు మందు లిత్తురు. ఇక ఆశ సంగతి. బోస్టన్ సమీపమున మెక్లీన్ వైద్యశాలలో మేరీ జనరినీ 1992 మొదలు 290 మంది వయోజన రోగుల జీవితములను వెంట నడచి చూచెను. పదేండ్లు గడచునప్పటికి నూటికి తొంబదిమందికి పైగా కనీసము రెండేండ్లపాటు లక్షణములు నెమ్మదించినవి. చదువు, ఉద్యోగము, స్నేహము సైతము చక్కబడినవారు సుమారు సగము మంది. పూర్ణముగా తేలిక కాదు. నిరాశ మాత్రము అసత్యము.

మన దేశమున బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 1974లో ఏర్పడినది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము ప్రారంభమైనది. 1912 నాటి చట్టము పోయి 1987 నాటిది, అదియు పోయి 2017 నాటిది వచ్చినవి. లూనసీ యను మాట చట్టమునుండి తొలగినది. చావబోయి బ్రతికినవానిని తీవ్రమైన మనోవేదనలో నున్నవానిగా భావించి రక్షింపవలెనే గాని శిక్షింపరాదని 2017 నాటి చట్టము చెప్పినది. 1860 నాటి శిక్షాస్మృతిలో ఆత్మహత్యా ప్రయత్నమును నేరముగా చేసిన 309వ సెక్షను, 2024 జూలై 1 నుండి అమలైన క్రొత్త న్యాయసంహితయందు లేదు. ఇదియు ఒక పేరు మార్పే: నేరస్థుడు రోగి యయ్యెను. 2022 అక్టోబరు 10వ తేదీని టెలిమానస్ అను ప్రభుత్వ సహాయ కేంద్రము వెలసినది. 14416 అను అంకె త్రిప్పినచో రేయింబవళ్ళు తెలుగున మాటలాడి దారి చూపుదురు. కాకినాడ ప్రభుత్వ వైద్యశాలలోను, విశాఖపట్టణపు మానసిక వైద్యశాలలోను వైద్యులు కలరు.

పెద్దలారా, మీ యింట ఇట్టి బిడ్డ యున్నచో మూడు పనులు చేయుడు. చావు మాట విన్నప్పుడు, ‘బెదరించుచున్నది’ అనకుడు. చావవలెనని తోచుచున్నదా యని నెమ్మదిగా, సూటిగా అడుగుడు. అడుగుట వలన ఆ తలంపు పుట్టదు, భారము తగ్గును. పురుగుమందులు, ఇంటి మందులు తాళములో నుంచి, ఆ సమయమున బిడ్డను ఒంటరిగా విడువకుడు. దెబ్బ, మంత్రము, పెండ్లి అను మూడింటిని మాని, వైద్యునియొద్దకు తీసికొనిపొండు.

నేను ఉద్యోగ విరమణ చేసిననాడు ఆ బాలిక వచ్చినది. నడివయస్సు దాటిన గృహిణి. ఇద్దరు బిడ్డల తల్లి. ఏలాగో బ్రతికి ఒడ్డున పడినది. నేను ఆనాటి మాటకు క్షమాపణ చెప్పుకొంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, “పోనీలెండి మాస్టారండీ. ఆ రోజు ఏమైందమ్మా అని ఒక్కసారి అడిగుంటే బాగుండేదండి. చెప్పాలని గుమ్మం దాకా వచ్చాను” అనెను.

ఆ గుమ్మము నాకు నేటికిని కనబడుచున్నది. మీ గుమ్మము వరకు వచ్చిన బిడ్డను ఏమని పిలుతురో, అది మీ చేతిలో నున్నది.

సెలవు.